ఎఫ్40, ఎల్ఎఫ్ఏ: రెంటిలో ఒకటే ఉంచుకోవాలంటే ఏది?

రేణిగుంట_పాలిష్ (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదవడమే తప్ప నేనేం రాయలేదు. ఒక ప్రశ్న మాత్రం మూడేళ్ళుగా నన్ను వదలడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

రేణిగుంట రోడ్డులో పాలిషింగ్ షాపు పెట్టకముందు ఆరేళ్ళు దుబాయ్‌లో ఒక గ్యారేజీలో పనిచేశాను. పెద్దవాళ్ళు సేకరించి పెట్టుకున్న కార్లను కడగడం, తుడవడం, పాలిష్ పట్టడం నా పని. ఒక యజమానివి రెండు కార్లు పక్కపక్కనే ఉండేవి. ఒకటి ఫెరారీ ఎఫ్40, రెండోది లెక్సస్ ఎల్ఎఫ్ఏ. ఒకరోజు ఆయన వచ్చి, చోటు చాలడం లేదు, ఒకటి ఇచ్చేస్తున్నాను, రోజూ ముట్టుకునేవాడివి నువ్వే కదా, ఏది ఉంచమంటావు అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. రెండూ మంచివే సార్ అని తప్పించుకున్నాను. నిజంగా నా మాట విందామనే అడిగాడేమో, నేను చెప్పలేకపోయాను.

నేను చూసింది చెబుతా. ఎఫ్40 తలుపు తీస్తే లోపల హ్యాండిల్ ఉండదు. తలుపు సందులో ఒక తీగ వేలాడుతుంటుంది, దాన్ని లాగాలి. కింద కార్పెట్ లేదు, రేడియో లేదు. నేలంతా కార్బన్ నేతే, పైన ఏమీ కప్పలేదు. తలుపు దగ్గర వంగి చూస్తే రెండు భాగాలు అతికిన చోట ఆకుపచ్చ జిగురు గీత బయటికే కనిపిస్తుంది. అంత ఖరీదైన కారులో జిగురు దాచలేదేంటని మొదటిరోజు ఆశ్చర్యపోయాను. రంగు ఎంత పల్చగా వేశారంటే, ఎండలో కొన్నిచోట్ల కింది నేత గళ్ళు తెలుస్తాయి. దాని మీద మిషన్ పెట్టాలంటే చేతులు వణికేవి. ఇంజిన్ మీది మూత గాజు కాదు, ప్లాస్టిక్. పొడి గుడ్డతో ఒక్కసారి రుద్దినా గీత పడిపోతుంది. నీళ్ళు ధారగా పోసి మెత్తటి గుడ్డ అద్దాలంతే.

ఎల్ఎఫ్ఏ దీనికి పూర్తిగా ఎదురు. ఏ సందులో వేలు పెట్టినా ఎక్కడా అంచు తగలదు. తలుపు హ్యాండిల్ ఎక్కడుందో వెతుక్కోవాలి, తలుపు వెనక అంచులో కలిసిపోయి ఉంటుంది. ఆ కారు తుడిచిన రోజు గుడ్డలోని ఒక్క దారప్పోగు కూడా ఎక్కడా చిక్కుకునేది కాదు. చేసినవాళ్ళు ప్రతి మూలా చేత్తో తడిమి చూసి పంపారనిపించేది.

ఒకటి 1987 నాటి ఇటలీ కారు, రెండోది 2010 నాటి జపాన్ కారు. మీరైతే ఏది ఉంచుకునేవాళ్ళు? ఎందుకు? స్పీడు లెక్కలొక్కటే కాకుండా మనసులో మాట రాయండి.

గ్రీమ్స్‌పేట_డీజిల్ (చిత్తూరు)

తమ్ముడూ, నాకు ఆలోచన అక్కర్లేదు. ఎఫ్40.

ముప్పై ఏళ్ళుగా లారీ ఇంజిన్లు విప్పి కడుతున్నా. టర్బో అంటే ఏమిటో నా చేతులకు తెలుసు. పొగ గొట్టంలోంచి పోయే వేడి గాలి ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం రెండో వైపు మంచి గాలిని నొక్కి ఇంజిన్లోకి తోస్తుంది. ఆ గాలి చాలినంత వచ్చేదాకా బండి లాగదు. అదే ల్యాగ్. ఇప్పటి కార్లలో ఆ ఆలస్యం డ్రైవర్‌కు తెలియకుండా చేయడానికి ఎన్నో ఉపాయాలున్నాయి. ఎఫ్40లో అలాంటివేమీ లేవు. 2.9 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 478 హార్స్‌పవర్. తక్కువ చుట్లలో మామూలు బండిలా పోతుంటుంది, టర్బోలు అందుకోగానే ఒక్కసారిగా వీపు మీద తోసినట్టు దూకుతుంది. పవర్ స్టీరింగ్ లేదు. బ్రేకుకు బూస్టర్ లేదు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. తొక్కిన బలమే బ్రేకు. ఐదు గేర్లు, ఇనుప పలకలోని గాళ్ళ మధ్య గేరు కర్ర కదిలితే టక్కుమని వినబడాలి. సుమారు 1,100 కిలోల కారుకు అంత బలం ఇచ్చి, ఇక నువ్వు చూసుకో అని డ్రైవర్ చేతిలో పెట్టారు.

ఇంకో సంగతి. ఇది కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ తన చేతుల మీదుగా లోకానికి చూపించిన ఆఖరి కారు. కంపెనీకి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా 1987 జులై 21న ఇటలీలోని మరనెల్లోలో బయటపెట్టారు. మరుసటి ఏడాది ఆగస్టు 14న ఆయన పోయారు, తొంభై ఏళ్ళ వయసులో. ముసలాయన కళ్ళతో చూసి సరే అన్న చివరి బండి అది. దాన్ని ఇచ్చేస్తానంటే నేనైతే ఆ గ్యారేజీ గుమ్మంలో అడ్డం పడుకునేవాణ్ణి.

కరకంబాడి_ఈసీయూ (తిరుపతి)

డీజిల్ అన్నా, మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నా, నాది ఎల్ఎఫ్ఏ.

ఒక్క విషయం చూడండి. ఎల్ఎఫ్ఏకి ముల్లుతో పనిచేసే టాకోమీటర్ (ఇంజిన్ చుట్లు చూపే మీటరు) పెట్టలేదు. 4.8 లీటర్ల వీ10 ఇంజిన్ ఖాళీగా తిరిగే స్థితి నుంచి నిమిషానికి 9,000 చుట్లకు 0.6 సెకన్లలో ఎగబాకుతుంది. మామూలు ముల్లు ఆ వేగాన్ని అందుకోలేదు. అందుకే తెర మీద ముల్లు బొమ్మ గీశారు. చూడ్డానికి బాగుంటుందని పెట్టిన డిజిటల్ మీటర్ కాదది, ఇంజిన్ కోసం తప్పనిసరై పెట్టింది. నా ఉద్యోగం వాహనాల ఎలక్ట్రానిక్స్‌లోనే. ఇలాంటి కారణంతో వచ్చిన డిజైన్ ఎంత అరుదో నాకు తెలుసు.

పని మొదలుపెట్టింది 2000లో. కారు అమ్మకానికి వచ్చింది 2010 చివర్లో. మధ్యలో అల్యూమినియంతో చేసుకుంటూ వచ్చిన ఒళ్ళంతా పక్కన పెట్టేసి కార్బన్ ఫైబర్‌తో మళ్ళీ మొదలుపెట్టారు. దాంతో దాదాపు 100 కిలోలు తగ్గింది. ఆ పని నడిపించిన ముఖ్య ఇంజినీర్ హరుహికో తనహాషి. ఏళ్ళ తరబడి చేసింది కాదనుకుని మొదటికి రావడానికి ఎంత ధైర్యం కావాలో ఆఫీసులో పనిచేసేవాళ్ళకు తెలుసు.

లోపం కూడా చెప్పాలి. గేర్‌బాక్స్ ఒకే క్లచ్‌ది. అప్పటికే పోటీ కార్లలో రెండు క్లచ్‌లవి వచ్చేశాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు గేరు మారితే తల ముందుకు ఊగుతుందని నడిపినవాళ్ళు రాశారు. అది నిజమైన లోపమే.

ఒక తమాషా లెక్క: ఎఫ్40 గరిష్ఠ వేగం గంటకు 324 కిలోమీటర్లు, ఎల్ఎఫ్ఏది 325. మధ్యలో ఇరవై మూడేళ్ళు! అంటే జపాన్ వాళ్ళు ఆ ఏళ్ళన్నీ వేగం కోసం పెట్టలేదు. మరి దేనికోసం పెట్టారు? నాకు దీని గురించే మాట్లాడాలని ఉంది.

ఘాట్_ట్యాక్సీ (తిరుపతి)

నేను రోజుకు రెండుసార్లు కొండెక్కి దిగేవాణ్ణి. నా లెక్క వేరు. పైనుంచి దిగేటప్పుడు బ్రేకు మీద ఎంత తక్కువ ఆధారపడితే అంత మంచిది, గేర్లోనే దింపాలి. మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, ఇప్పటికీ దాని మీదే దిగుతున్నాం. ఆ మలుపుల్లో పవర్ స్టీరింగ్ లేని బండి తిప్పాలంటే భుజాలు పడిపోతాయి. మా నాయన పాత అంబాసిడర్‌తో పడ్డ కష్టం చూసినవాణ్ణి. నాది ఎల్ఎఫ్ఏ ఓటు.

ఇంకొకటి, రెండు కార్లూ మన స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట రాసుకుంటాయి. ఆ బాధ దేనికైనా తప్పదు.

గ్రీమ్స్‌పేట_డీజిల్ (చిత్తూరు)

తమ్ముడూ, భుజాలు పడిపోవడమే కదా డ్రైవింగ్. సరే, మీ నాయన అంబాసిడర్ మాట తెచ్చావు కాబట్టి ఇంకేం అనను. పెద్దాయనకు నా నమస్కారం చెప్పు.

నగరి_మగ్గం (నగరి)

రేణిగుంట అన్నా, మీ పోస్టులో "నేత గళ్ళు" అన్న మాట చూసి ఆగిపోయాను. మాది మరమగ్గాల ఇల్లు. నేను టెక్స్‌టైల్ డిప్లొమా చేశాను, నాయన ఇప్పటికీ షెడ్డు నడుపుతున్నాడు. కార్ల సంగతి నాకు తక్కువ తెలుసు కానీ ఈ విషయంలో చెప్పగలిగింది చాలా ఉంది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

లెక్సస్ టొయోటా వాళ్ళది. ఆ కుటుంబం కార్లతో మొదలవలేదు, మగ్గంతో మొదలైంది. సకిచి టొయోడా అనే ఆయన మగ్గాలు తయారుచేసేవాడు. 1924లో ఆయన తెచ్చిన జీ రకం మగ్గం పేరు మా కాలేజీలో ప్రత్యేకంగా చెప్పారు. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక్కటి తెగినా ఆ మగ్గం దానంతటదే ఆగిపోతుంది. అడ్డపోగును మోసే నాడెలో నూలు అయిపోవస్తే మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి చేరుతుంది. మగ్గం తెలియనివాళ్ళకు ఇది చిన్న సంగతిలా ఉంటుంది. మా షెడ్డులోకి వస్తే అర్థమవుతుంది. పాత మగ్గాల్లో పోగు తెగితే మనిషి కంటితో పట్టాలి. చూసుకోకపోతే గజాల కొద్దీ గుడ్డలో గీతలాగా తప్పు పోతూనే ఉంటుంది. మా అమ్మ నాలుగు మగ్గాల మధ్య నిలబడి, చప్పుడులో తేడా విని ఏ మగ్గంలో తెగిందో చెప్పేది. ఆమె చెవి చేసే పనిని సకిచి యంత్రానికి నేర్పాడు. తప్పు జరిగిన చోటే ఆగాలి, ముందుకు పోనివ్వకూడదు. టొయోటా ఫ్యాక్టరీల పద్ధతికి ఇదే పునాది అంటారు.

ఆ మగ్గం హక్కులను 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీకి లక్ష పౌండ్లకు ఇచ్చారు. సకిచి కొడుకు కిచిరో కార్ల మీద పని మొదలుపెట్టడానికి ఆ డబ్బు అండగా నిలిచిందంటారు. టొయోటా మోటార్ కంపెనీ 1937లో వచ్చింది.

ఇప్పుడు ఎల్ఎఫ్ఏకి వద్దాం. కార్బన్ ఫైబర్ అంటే ప్లాస్టిక్ లాంటిదని చాలామంది అనుకుంటారు. అది గుడ్డ. మన వెంట్రుకలో పదో వంతు మందం ఉన్న పోగులను వేలకొద్దీ కలిపి దారం చేస్తారు, ఆ దారాన్ని నేసి, జిగురు పట్టించి గట్టిపరుస్తారు. బల్లపరుపు గుడ్డ నేయడం తేలికే. కానీ కారు పైకప్పు పక్కన వంగుతూ పోయే కమ్ములున్నాయి కదా, అవి గొట్టాలు. చదునైన గుడ్డను గొట్టానికి చుడితే ఎక్కడో ఒకచోట అతుకు వస్తుంది, అతుకున్న చోటే బలం తగ్గుతుంది. అందుకని వాళ్ళు గుండ్రటి మగ్గం కట్టారు. గుండ్రటి మగ్గం మనకు కొత్తేం కాదు, బియ్యం సంచులు, సిమెంటు సంచులు అట్లాంటి మగ్గం మీదే నేస్తారు, అందుకే సంచికి పక్క కుట్టు ఉండదు. టొయోటా వాళ్ళది కార్బన్ దారంతో గొట్టం నేసే మగ్గం. పోగులు చుట్టూ నిలబడతాయి, నడుమ అచ్చు మీద గొట్టం పెరుగుతూ పోతుంది.

సకిచి మగ్గంతో బతుకు మొదలుపెట్టిన కుటుంబం, ఎనభై ఏళ్ళు దాటాక, తమ గొప్ప కారు కోసం మళ్ళీ మగ్గం ముందు కూర్చుంది. ఆ యంత్రాన్ని బయట కొనలేదు, తామే తయారుచేసుకున్నారు. అల్యూమినియం వదిలేసి మొదటికి వచ్చారని కరకంబాడి అన్న రాశారు కదా. సగం నేసిన పడుగును కోసి మళ్ళీ అతుక్కోవాల్సి వచ్చిన ఇంట్లో పుట్టినదాన్ని నేను. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినరు.

ఎఫ్40లోనూ కార్బన్, కెవ్లర్ అనే బలమైన కృత్రిమ నార ఉన్నాయి, కాదనను. కానీ అక్కడ అస్థిపంజరం ఉక్కు గొట్టాలది, దానికి నేత పలకలను జిగురుతో అతికారు. మీకు కనిపించిన ఆకుపచ్చ గీత అదే అయ్యుంటుంది. ఎల్ఎఫ్ఏలో ఎముకే నేత.

రేణిగుంట_పాలిష్ (తిరుపతి)

చెల్లీ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ పైకప్పు కమ్మీని ఎన్నోసార్లు తుడిచి ఉంటాను, లోపల ఏముందో ఒక్కసారీ తెలియలేదు. ఎఫ్40లో ఉన్నదంతా కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి దాని మీద గౌరవం తేలిగ్గా కలిగింది. ఇది మాత్రం తన పనంతా రంగు కింద దాచుకుని నిలబడింది.

సన్నాయి_ఇల్లు (తిరుపతి)

నేను ఫిజిక్స్ చెబుతాను. మా ఇంట్లో మూడు తరాలుగా నాదస్వరం. శబ్దం గురించి ఎవరూ రాయలేదేమని చూస్తున్నా.

కాగితం మీద లెక్క కట్టాను. నాలుగు దశల (ఫోర్ స్ట్రోక్) ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. ఎల్ఎఫ్ఏకి పది సిలిండర్లు, అంటే చుట్టుకు ఐదు పేలుళ్ళు. 9,000 చుట్ల దగ్గర సెకనుకు 150 చుట్లు, కాబట్టి సెకనుకు 750 పేలుళ్ళు. ఎఫ్40 ఎనిమిది సిలిండర్లది, చుట్టుకు నాలుగు. దాని పూర్తి బలం వచ్చేది 7,000 దగ్గర. అక్కడ సెకనుకు దాదాపు 467. 750ని దానితో భాగిస్తే దాదాపు 1.6 వస్తుంది. సంగీతం తెలిసినవాళ్ళు ఇక్కడే ఆగుతారు. సరిగమల్లో 'స', అంటే షడ్జాన్ని ఒకటి అనుకుంటే 1.6 శుద్ధ ధైవతం, అంటే 'ద'! ఎఫ్40 తన శిఖరం మీద షడ్జం పట్టుకుంటే ఎల్ఎఫ్ఏ తన శిఖరం మీద శుద్ధ ధైవతం పలుకుతుంది. ఎవరూ అనుకుని చేసింది కాదు, అంకెలు అలా కలిశాయి. రాత్రి నాన్నగారికి చెబితే ఆ రెండు స్వరాలూ సన్నాయి మీద ఊది వినిపించారు.

ఎల్ఎఫ్ఏ ఇంజిన్ యమహాతో కలిసి చేసింది. మనందరికీ యమహా అంటే ఆర్ఎక్స్ 100. యమహా గుర్తు ఎప్పుడైనా సరిగ్గా చూశారా? మూడు శ్రుతి దండాలు, ట్యూనింగ్ ఫోర్కులు. తొరకుసు యమహా అనే ఆయన 1887లో చెడిపోయిన రీడ్ ఆర్గాన్‌ను బాగుచేయడంతో ఆ సంస్థ కథ మొదలైంది. ఎఫ్40 పుట్టడానికి సరిగ్గా నూరేళ్ళ ముందు. వాద్యాలు చేసేవాళ్ళకు ఉన్న శబ్ద జ్ఞానాన్ని ఈ ఇంజిన్‌కు వాడారు. గాలి పీల్చుకునే పెట్టె లోపలి ఆకారాన్ని చెవికి నచ్చేలా మలిచారు, ఆ శబ్దాన్ని డ్రైవర్ దాకా తెచ్చే దారులు వేశారు. స్పీకర్లతో కాదు, గాలితోనే. సన్నాయిలో పీక, గొట్టం, చివర వెడల్పయ్యే నోరు ఏది మారినా నాదం మారుతుంది. అచ్చం అదే పని.

టర్బో ఉన్న ఇంజిన్‌కు ఆ స్వేచ్ఛ తక్కువ. పొగ టర్బో చక్రం గుండా పోవాలి కాబట్టి శబ్దం అక్కడ కొంత అణిగిపోతుంది. ఎఫ్40లో ఆ అణిగిన గొంతు వెనక ఈల వినిపిస్తుంది. దాన్ని ఇష్టపడేవాళ్ళ చెవిని నేను తప్పు పట్టను.

గ్రీమ్స్‌పేట_డీజిల్ (చిత్తూరు)

అమ్మా, ఆ ఈల కోసమే కదా నేను ఈ పనిలోకి వచ్చింది. పదమూడేళ్ళప్పుడు చిత్తూరు బైపాస్ మీద కొత్త లారీ ఈల వేస్తూ పోతే వెనక పరుగెత్తాను.

టర్బో మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఎఫ్40లో ఉన్న రెండు టర్బోలు ఐహెచ్ఐ వాళ్ళవి. జపాన్ కంపెనీ. ఇటలీ వాళ్ళు తమ పండగ కారుకు ఊపిరితిత్తులు జపాన్ నుంచి తెచ్చుకున్నారు. నికోలా మాతెరాజ్జి అనే ఇంజినీర్ ఆ ఇంజిన్ వెనక ఉన్నాడు, టర్బోల మీద ఆయన చెయ్యి తిరిగినవాడు. మంచి వస్తువు ఎక్కడుంటే అక్కడి నుంచి తెచ్చుకోవడంలో చిన్నతనం లేదని నేను మా కుర్రాళ్ళకు చెబుతుంటాను.

నగరి అమ్మాయి రాసింది చదివాక ఎల్ఎఫ్ఏ మీద గౌరవం పెరిగింది. ఓటు మాత్రం మారలేదు. కారణం చెబుతా. రేపు నా దగ్గరికి ఎఫ్40 వస్తే, విప్పితే నాకు అర్థమవుతుంది. ఉక్కు గొట్టం పగిలితే వెల్డింగ్ చేసేవాడు దొరుకుతాడు. దాని పెట్రోలు ట్యాంకులు రబ్బరు సంచుల్లాంటివి, కాలం తీరగానే మార్చుకోవాలి, ఖర్చే కానీ చేయగలిగిన పని. నేసిన ఎముక విరిగితే ఏం చేస్తారు? మన పుత్తూరు కట్టు మనుషుల ఎముకలకే, కార్బన్‌కు కాదు. ఎల్ఎఫ్ఏ చేసింది ఐదు వందలు. ఇంకో యాభై ఏళ్ళకు దాని తెరలు, ఎలక్ట్రానిక్ పెట్టెలు చెడితే విడిభాగాలు ఎవరిస్తారు? ఉంచుకోవడం అంటే తరవాతి మనిషి బాగుచేసుకునేలా ఉంచడం కూడా.

కరకంబాడి_ఈసీయూ (తిరుపతి)

అన్నా, ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నా వృత్తే అది కాబట్టి ఇంకా బాగా తెలుసు. పాత చిప్పు ఒకటి దొరక్క మంచి బోర్డును పారేసిన సందర్భాలు చూశాను.

తోట_బేనీషా (చిత్తూరు)

ధర గురించి ఒక మాట. ఎఫ్40 ముందు 400 చేద్దామనుకుని, అడిగేవాళ్ళు ఎక్కువై 1,300 పైన చేశారు. ఎల్ఎఫ్ఏ 500 మాత్రమే, అమెరికాలో కొత్తది 3,75,000 డాలర్లు. తక్కువగా ఉన్నదానికే ఎక్కువ పలకాలి కదా? వేలంలో ఎఫ్40లు ఇరవై లక్షల డాలర్లు దాటుతుంటే, మామూలు ఎల్ఎఫ్ఏ అంతకు కిందే ఉంటోంది. మండీలో ఇరవై ఏళ్ళుగా మామిడి వేలం చూస్తున్నా. రుచి ఒక్కటే ధర కట్టదు, పేరు కూడా కడుతుంది. గోడ మీద పోస్టర్ అంటించుకున్న పిల్లలు పెద్దయి డబ్బు సంపాదించాక ఆ కారే కొంటారు. ఎల్ఎఫ్ఏ పోస్టర్ పిల్లలకు ఇంకా ఆ వయసు రాలేదు.

ఈ రెండింటినీ మన దగ్గరికి తెప్పించుకుందామనుకునేవాళ్ళకు ఒక సంగతి: వాడిన కారు మూడేళ్ళు దాటితే దిగుమతికి మామూలుగా ఒప్పుకోరు, స్టీరింగ్ కూడా కుడివైపు ఉండాలి. ఫెరారీ ఎఫ్40ని ఎడమ స్టీరింగ్‌తోనే అమ్మింది.

శ్రీసిటీ_షిఫ్ట్ (సత్యవేడు)

ధరల చర్చ పెరగకముందు నాది కూడా రాస్తాను. నేను శ్రీసిటీ వైపు ఒక అసెంబ్లీ లైనులో పనిచేస్తా. మా దగ్గర బండి మన ముందు ఆగేది నిమిషాల లెక్క. నేను బిగించిన బోల్టు ఏ బండిలో పోయిందో నాకు తెలియదు, ఎవరు బిగించారో ఆ బండి కొన్నవాళ్ళకు తెలియదు. అందులో తప్పేం లేదు, అందరికీ అందే ధరలో బండి రావాలంటే అదే దారి.

ఎల్ఎఫ్ఏని టొయోటా వాళ్ళ మోటోమాచి ఫ్యాక్టరీలో రోజుకు ఒకటి చొప్పున చేశారు. 2010 డిసెంబరులో మొదలై 2012 డిసెంబరు 14న ఐదు వందలవది బయటికి వచ్చింది. ఒక్కో ఇంజిన్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషే కట్టి, దాని మీద తన సంతకం ఉన్న ప్లేటు పెట్టాడు. దీని గురించి చదివిన రోజు షిఫ్టు అయ్యాక బస్సులో ఇంటికి పోతూ అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇంకొక మనిషిని కూడా తలచుకోవాలి. హిరోము నరుసే, టొయోటా టెస్ట్ డ్రైవర్లందరికీ గురువు లాంటివాడు. కంపెనీ పెద్ద అకియో టొయోడాకు కారు నడపడం నేర్పింది ఆయనే. ఎల్ఎఫ్ఏని జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ దగ్గర తిప్పి తిప్పి సరిచేశాడు. 2010 జూన్ 23న, ఆ ట్రాక్ దగ్గరి రోడ్డు మీద, ఎల్ఎఫ్ఏ నడుపుతూనే ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి కారు అమ్మకానికి రావడానికి ఆరు నెలలే ఉంది. డీజిల్ అన్న ఎంజో గురించి చెప్పినప్పుడు నాకు ఈయన గుర్తొచ్చాడు. ఎంజో తన ఆఖరి కారును చూసి పోయాడు. నరుసే తన కారు అమ్మకానికి రావడం చూడకుండానే పోయాడు.

గ్రీమ్స్‌పేట_డీజిల్ (చిత్తూరు)

ఇది నాకు తెలియదు తమ్ముడూ. రాసినందుకు సంతోషం.

రేణిగుంట_పాలిష్ (తిరుపతి)

సంతకం ప్లేటు అనగానే గుర్తొచ్చింది. ఇప్పుడు చెబుతా, ఇందాక చెప్పలేదు. ఆ యజమాని చివరికి ఎఫ్40నే ఉంచుకున్నాడు. ఎల్ఎఫ్ఏని తీసుకుపోవడానికి లారీ వచ్చిన పొద్దున దాన్ని ఆఖరిసారి తుడిచింది నేనే. బానెట్ ఎత్తి ఇంజిన్ మీది ఆ ప్లేటు కూడా తుడిచాను. సంతకం ఉంది, నాకు చదవడం రాలేదు. అది కంపెనీ గుర్తేమో అనుకున్నాను. ఒక మనిషి పేరని అప్పుడు తెలిసుంటే ఇంకొంచెం సేపు నిలబడేవాణ్ణి.

మీరంతా రాసినవి చదివాక నా జవాబు నాకు దొరికింది. ఆ రోజు ఆయన అడిగినప్పుడు ఎల్ఎఫ్ఏ ఉంచండి సార్ అని చెప్పి ఉండాల్సింది. డీజిల్ అన్న చెప్పిన రిపేరు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా ఎఫ్40ని ప్రేమించేవాళ్ళు లోకమంతా ఉన్నారు, అది ఎక్కడున్నా ఎవరో ఒకరు కాపాడతారు. ఇది మాత్రం లోపల ఏముందో తెలిసినవాళ్ళ దగ్గరే ఉండాలి.

నగరి చెల్లీ, దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు చిత్తులో పడేసిన ఒక కార్బన్ ముక్క తెచ్చుకున్నాను. ఏదో కారు ముందు అంచు విరిగి ఊడినది, అరచేయంత ఉంటుంది. అంచు దగ్గర రంగు పోయి నేత బయటపడింది. మీ నాయనకు చూపించాలని ఉంది. ఆదివారం రావచ్చా?

నగరి_మగ్గం (నగరి)

తప్పకుండా రండి అన్నా. ఆదివారం సగం మగ్గాలే నడుస్తాయి, మాట వినబడుతుంది. వదినను, పిల్లల్ని కూడా తీసుకురండి, మధ్యాహ్నం భోజనం ఇక్కడే.

నగరి_మగ్గం (నగరి)

ఆదివారం అయింది, అందరూ అడుగుతారని రాస్తున్నా.

అన్న ముక్క తీసి ఇవ్వగానే నాయన కళ్ళజోడు పెట్టుకోలేదు. కళ్ళు మూసుకుని, విరిగిన అంచు మీద బొటనవేలి గోరుతో మెల్లగా గీశాడు. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. రెండు పైన, రెండు కింద, ఒక్కో వరసకు ఒక్కో పోగు జరుగుతోంది, ఇది ట్విల్ నేత అన్నాడు. తరవాత గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టి చూసి, పడుగూ పేకా ఒకే మందం, బిగువు ఎక్కడా తగ్గలేదు, నేసినవాడికి చెయ్యి తిరిగింది అన్నాడు. యంత్రం నేసింది నాయనా అని చెప్పాను. యంత్రాన్ని బిగించినవాడు ఉంటాడు కదమ్మా అన్నాడు.

రేణిగుంట అన్న ఆ ముక్కను ఇంటికి తీసుకుపోలేదు. షెడ్డులో నాయన అచ్చుకట్లు పెట్టుకునే చెక్క పెట్టెలో ఉంది.